బొమ్మ పిస్తోలు ట్రిగ్గరు

ఐటీఐలో చదివే పిల్లలు కొందరు మా ఇంటి పక్కనే అద్దెకుంటారు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే వచ్చి కబుర్లాడతారు. ఈ మధ్య వాళ్లలో ఒకడు, "సార్, మీ పనిలో అన్నిటికంటే కష్టమైన రిపేరు ఏది?" అని అడిగాడు. ఏ పత్తి జిన్నింగు మిల్లు యంత్రం గురించో చెబుతానని వాడి ఆశ. "బొమ్మ పిస్తోలు ట్రిగ్గరు" అన్నాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన తమాషా చేస్తున్నాడనుకున్నారు. తమాషా కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను పనిచేసింది నంద్యాలలో, గాంధీ చౌక్ దగ్గర ఒక సందులో. కుట్టుమిషన్లు, టైపు మిషన్లు, పంపు స్టవ్‌లు, తాళాలు, ఏది తెచ్చినా కాదనకుండా తీసుకునే కొట్టు. ముగ్గురం ఉండేవాళ్లం. కొట్టు ఆయనది, ఆయన్ని ఊరంతా ఉస్తాద్ అనేది. కుట్టుమిషన్ చక్రం ఒకసారి తిప్పి, చెవి పెట్టి విని, రోగం ఏందో చెప్పేవాడు. అది తప్పయినా అంతే ధీమాగా చెప్పేవాడు. నేను ఆయన దగ్గర చేరి పని నేర్చుకున్నవాణ్ణి. మూడో ఆయన టైపన్న. టైపు మిషన్లు ఆయన విభాగం. సన్నగా పొడుగ్గా ఉండేవాడు, ఇస్త్రీ చొక్కా లేకుండా కొట్టుకు వచ్చేవాడు కాదు, ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవాడు.

తొంభైల్లో నంద్యాలలో సాయంత్రమైతే కొన్ని వీధుల్లో టకటక చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. ఇంటరు పిల్లలంతా టైపు నేర్చుకునేవాళ్లు. ఆ రోజుల్లో టైపన్నకు అన్నం తినడానికి తీరిక దొరికేది కాదు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు మారిపోయాయి. రెండు వేల సంవత్సరం దాటేసరికి ఆయన బల్ల మీద ఒక్క మిషనే మిగిలింది, అదీ స్పేరు భాగాల కోసం ఉంచుకున్న పాతది. రోజూ సరిగ్గా టైముకు వచ్చి, దాని కవరు తీసి, తుడిచినదాన్నే మళ్లీ తుడిచేవాడు. ఉస్తాద్ ఆయన్ని రావద్దని ఎన్నడూ అనలేదు. ఆయనకు పని లేని సంగతి మాకు కనపడనట్టు ఉండేవాళ్లం. అదే మాకొక పెద్ద పనిగా ఉండేది.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున నలభై దాటిన ఒకామె వచ్చి, తువ్వాలు మూట కౌంటరు మీద పెట్టి విప్పింది. లోపల నల్లటి పిస్తోలు. ముఠా కక్షల మా ప్రాంతం సంగతి మీకు తెలియంది కాదు. ఉస్తాద్ వెనక్కి జరిగాడు. స్టవ్ తీసుకుపోదామని వచ్చిన మనిషి, "మళ్లొస్తాలే" అని స్టవ్ కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

"అమ్మా, ముందు దాన్ని మూట గట్టు" అన్నాడు ఉస్తాద్.

"బొమ్మదన్నా. ప్లాస్టిక్ గుండ్లు ఏస్తాది. యాడ జూసినా ఇదే గోల నాకు."

ఆమెది ప్యాపిలి వైపు ఏదో పల్లె. మొగుడూ పెళ్లామూ తిరునాళ్లలో గురి కొట్టే అంగడి నడుపుతారు. బుడగలు కాల్చడానికి రెండు గాలి తుపాకులు, అవి జనానికి. ఈ పిస్తోలు ఆయనది. హైదరాబాదు నుంచి తెప్పించుకున్నాడట. ఒక కొయ్య చట్రానికి దారాలతో చిన్న చిన్న ఇత్తడి గజ్జెలు వరసగా వేలాడదీస్తారు. ఆయన దూరంగా నిలబడి, "ఏ గజ్జె కొట్టమంటారప్పా" అని జనాన్ని అడుగుతాడు. ఎవరో ఒకరు ఒకటి చూపిస్తారు. ఆయన పిస్తోలు పైకి లేపుతాడు, ఆ గజ్జె ఒక్కటే మోగుతుంది. పక్కది కదలను కూడా కదలదు. అది చూసి మేమూ కొడతామని జనం ముందుకు వస్తారు. అంగడి నడిచేది ఆ ఒక్క చప్పుడు మీద.

"ఇప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చిందన్నా" అంది. "నడుస్తాడు. చెయ్యి లేస్తాది. ఏలికి మాత్రం బలం రాలేదు. ఈ ట్రిగ్గరు శానా గట్టి. గుంజలేకుండాడు. దీన్ని మెత్తగా చేసియ్యాల."

"ఎడమ చేత్తో కొట్టలేడా?" అని నేనడిగాను.

ఆమె వీధివైపు చూసింది. ఎదుటి బట్టల కొట్టు మెట్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, దాన్ని ఎవరో తనకు అప్పజెప్పి పోయినట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. నోరు ఒకవైపుకి కొద్దిగా లాగింది.

"ఎడమ చేత్తో నీళ్లు గూడ తాగలేడు. ఆ మాట ఆయన ముందర అనొద్దు" అంది ఆమె.

పిస్తోలు లోపలి సంగతి మీకు కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పిస్తోలు పై భాగం వెనక్కి లాగితే లోపల స్ప్రింగు నొక్కుకుంటుంది. దాన్ని ఒక చిన్న కొక్కెం పట్టి ఉంచుతుంది. ట్రిగ్గరు లాగితే ఆ కొక్కెం జారుతుంది, స్ప్రింగు విడిపోయి గాలిని తోస్తుంది, గుండు పోతుంది. అంతే. స్ప్రింగు ఎంత బలమైనదైతే కొక్కెం మీద అంత బరువు. ఆ బరువంతా చివరికి వేలి మీద పడుతుంది.

ఉస్తాద్ దాన్ని విప్పి చూసి, "స్ప్రింగు తగ్గిస్తే సరి" అన్నాడు ఎప్పటి ధీమాతో. కొంచెం కత్తిరించి బిగించాడు. ట్రిగ్గరు వెన్నలాగా వచ్చింది. గుండు మాత్రం కౌంటరు దాటి గడప దగ్గర పడింది.

ఆమె దాన్ని వంగి ఏరి ఉస్తాద్ చేతిలో పెట్టి, "ఇది గజ్జెకు తగిలినా, గజ్జెకు తెల్దన్నా" అంది.

ఉస్తాద్ దగ్గాడు. కొత్త స్ప్రింగు వెతికి వేశాడు. ఆ తర్వాత పని నా మీదికి తోశాడు. నాకు తోచింది కొక్కెం నునుపు చెయ్యడం. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దాని అంచు గరుకుగా ఉంది. గరుకు మీద జారాలంటే బలం కావాలి కదా. సన్న ఎమెరీ కాగితంతో రుద్దాను, ఇత్తడి తుడిచే మందుతో మెరుగు పెట్టాను, అది పట్టుకునే గాడిని కూడా తగ్గించాను. సాయంత్రానికి ఊదితే పేలేటట్టు తయారైంది. ఉస్తాద్ నా వీపు తట్టాడు.

మరునాడు ఆమె మొగుణ్ణి కొట్లోకి పిలిచాం. ఆమె పిస్తోలు పై భాగం లాగి గుండు ఎక్కించి, దాన్ని ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్లలో వెలుగు వచ్చింది. నేను చూశాను. చెయ్యి ఇంకా సగం కూడా లేవలేదు, వేలు ట్రిగ్గరుకు తగిలింది. తగిలిందని ఆయనకు తెలియలేదు. పక్షవాతం వచ్చిన వేలికి బలమే కాదు, స్పర్శ కూడా సరిగ్గా ఉండదని మాలో ఎవరికీ తట్టలేదు. పిస్తోలు పేలింది. గుండు ఆమెకు మోచేతి దగ్గర తగిలింది. ప్లాస్టిక్ గుండే, కొంచెం వాచింది, అంతే. ఆమె, "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటూనే ఉంది.

ఆయన పిస్తోలు కౌంటరు మీద పెట్టాడు. చాలా సేపు పట్టింది పెట్టడానికి. ఒక్కొక్క వేలూ విడిపించుకుని పెట్టాడు.

"నాకొద్దు" అన్నాడు.

మాట ముద్దగా వచ్చింది గాని అందరికీ అర్థమైంది. లేచి, మెట్లు దిగి, బస్టాండు వైపు నడవడం మొదలుపెట్టాడు. ఆమె మా వైపు ఒకసారి చూసి వెనకాలే పోయింది. పిస్తోలు మా దగ్గరే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం ఉస్తాద్ ఒకసారి, "మనం చేసింది మంచి పనే, ఆయన వేలిది తప్పు" అన్నాడు. అనేసి, తానే ఆ మాట మింగలేక టీ తాగడానికి పోయాడు.

అప్పుడు టైపన్న లేచి వచ్చాడు. ఇంతవరకూ ఆయన ఈ వ్యవహారంలో ఒక్క మాట కలపలేదు. పిస్తోలు తీసుకుని, గుండు లేకుండా, పై భాగం లాగి ట్రిగ్గరు నొక్కాడు. మళ్లీ లాగాడు, మళ్లీ నొక్కాడు. కళ్లు మూసుకుని నొక్కాడు.

"నువ్వు దీన్ని మెత్తగా చేసినావు గాని, ఏలికి ముందుగాల చెప్పడం లేదు ఇది" అన్నాడు నాతో.

"ఏం చెప్పాలన్నా?"

"ఈడికొచ్చినావు, ఇంగ కొంచెం నొక్కితే పేలుతాది అని చెప్పాల. టైపు మిషన్ మీద వేలు పెట్టు."

పెట్టాను. అక్షరం మీట నెమ్మదిగా నొక్కమన్నాడు. మొదట బరువే లేకుండా దిగింది. ఒక చోట చిన్న అడ్డు తగిలింది. ఆ అడ్డు దాటించగానే అక్షరం ఎగిరి వచ్చి కొట్టింది.

"వేలు ఆడ ఆగుతాది చూడు. కండ్లు లేనోళ్లు గూడ దీని మీద కొట్టేది అందుకే" అన్నాడు.

ఆ వారం రోజులు టైపన్నను చూడాలి మీరు. చొక్కా చేతులు మడిచి, అద్దాలు ముక్కు చివరికి జార్చి, భోజనానికి పిలిస్తే విసుక్కున్నాడు. నేను అరగదీసిన కొక్కేన్ని తీసేసి కొత్తది చేశాడు, పట్టు లోతుగా ఉండేటట్టు. చేత్తో తట్టినా, కింద పడినా పేలకూడదని ఆయన పట్టుదల. గుండు లేకుండా సిద్ధం చేసి, బల్ల మీది నుంచి గోనెసంచి మీదికి పదే పదే పడేసి చూశాడు. ట్రిగ్గరును కొంచెం పొడుగు చేశాడు, మీట పొడుగైతే బలం తక్కువ సరిపోతుందని, ఒకటి కాకుండా రెండు వేళ్లు పడతాయని. దాని వెనక ఒక మరమేకు పెట్టాడు, పేలిన తర్వాత ట్రిగ్గరు ఇంకా వెనక్కి పోయి చెయ్యి అదరకుండా. ఇక ఆ అడ్డు తగిలేదాకా ఉండాల్సిన మెత్తదనానికి ఒక సన్న స్ప్రింగు కావాల్సి వచ్చింది. కొట్లో ఉన్నవేవీ ఆయనకు నచ్చలేదు. కాసేపు తన బల్ల దగ్గర నిలబడి, రోజూ తుడుచుకునే ఆ మిషన్‌ను బోర్లించి, లోపలి నుంచి ఒకటి ఊడదీశాడు.

ఉస్తాద్ చూసి, "అదెందుకు టైపూ, వేరేది తెప్పిస్తా గదా" అన్నాడు.

"ఇది కొట్టేవాళ్లు యాడుండారు ఇంగ" అన్నాడు టైపన్న, బాధేమీ లేకుండానే.

పని అయ్యింది. అంగడాయన మాత్రం రాలేదు. ఆమె ఒక్కతే వచ్చింది. అంగడి ఎత్తేసి మొక్కజొన్న కంకులు కాల్చి అమ్ముకుందామంటున్నాడని చెప్పింది. రోజంతా ఎవరితోనూ మాట్లాడడట. ఆళ్లగడ్డ దగ్గర తిరునాళ్ల వస్తోంది, అదే ఆఖరుసారి అన్నాడట.

"మేమే వస్తాం ఆడికి" అన్నాడు టైపన్న.

తిరునాళ్ల ఆదివారం పడింది. టైపన్న చర్చి వదిలి రాడు కాబట్టి, ప్రార్థన అయ్యేదాకా ఉస్తాదూ నేనూ చర్చి గేటు బయట కాచుకుని ఉన్నాం. తెల్ల చొక్కాతో, చేతిలో పాటల పుస్తకంతో బయటికి వచ్చాడు. శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ బస్సు ఎక్కాం. పిస్తోలు నా టిఫిను సంచిలో ఉంది. దారంతా ఉస్తాద్ దాన్ని ఒళ్లో పెట్టుకోవద్దని, కింద పెట్టమని, కింద పెడితే పైన పెట్టమని నన్ను సతాయించాడు.

ఆయన భయం నిజమే అయ్యింది. తిరునాళ్లలోకి అడుగు పెట్టే చోటే ఒక కానిస్టేబులు సంచులు చూస్తున్నాడు. నా సంచిలో చెయ్యి పెట్టి, మొహం మారిపోయి, నన్ను పక్కకు లాగాడు.

"ఏందిది?"

ఉస్తాద్ మాతో తనకు సంబంధం లేనట్టు గాజుల అంగడి వైపు తిరిగాడు. టైపన్న ముందుకొచ్చి, "బొమ్మ పిస్తోలు సార్. ట్రిగ్గరు రిపేరు చేసినాం. ఈడ అంగడాయనకు ఇయ్యాల" అన్నాడు.

"బొమ్మకు ట్రిగ్గరు రిపేరా? దానికి ముగ్గురు మనుషులా?"

"నాలుగు దినాల్లో అయ్యే పని గాదు సార్ అది" అన్నాడు టైపన్న, అదేదో గొప్ప సమాధానం అయినట్టు.

కానిస్టేబులు దాన్ని తిప్పి తిప్పి చూసి, పై భాగం లాగి, నేల వైపు పెట్టి నొక్కాడు. ఆగాడు. మళ్లీ నొక్కాడు. "మావే ఇంత సుఖంగా రావు" అని గొణిగి, నమ్మీ నమ్మక, అంగడి దాకా తానూ వస్తానన్నాడు. అట్లా పోలీసు కాపలాతో పోయాం మేము.

అంగడి ముందు జనం లేరు. ఆమె కేకలు వేసి పిలుస్తోంది. ఆయన వెనకాల ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. గజ్జెల చట్రం కట్టి ఉంది గాని దాని మీద గుడ్డ కప్పి ఉంది.

టైపన్న ఆయన్ని బతిమాలలేదు. తియ్యమ్మా అని చెప్పి ఆ గుడ్డ తీయించి, "ఇది కుదిరిందో లేదో చూడాల" అని పిస్తోలు పట్టుకుని తానే నిలబడ్డాడు. చర్చిలో పాట మొదలుపెట్టే ముందు నిలబడేటట్టు నిటారుగా. కొట్టాడు. గుండు ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. ఉస్తాద్ తీసుకున్నాడు. ఒక కన్ను మూయమంటే రెండూ మూశాడు. నేను కొట్టింది కొయ్యకు తగిలింది. కానిస్టేబులు, "ఇటియ్యండి" అని తీసుకుని, చాలా సేపు గజ్జెకు గురి చూసి, బుడగల బోర్డుకు కొట్టాడు. ఆ బోర్డు గజ్జెలకు మూరెడు దూరంలో ఉంది.

ట్రంకుపెట్టె మీద నుంచి ఏదో శబ్దం వచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. మళ్లీ ఉస్తాద్ చేతికి పిస్తోలు వచ్చింది. ఉస్తాద్ మోచెయ్యి ఎత్తి పెట్టగానే ఆయన ఇక చూడలేకపోయాడు. లేచి, కాలీడ్చుకుంటూ వచ్చి, ఎడమ చేత్తో ఉస్తాద్ మోచేతిని గట్టిగా కిందికి నొక్కాడు. ఉస్తాద్ మళ్లీ ఎత్తాడు. కావాలని ఎత్తాడో, రాక ఎత్తాడో నాకిప్పటికీ తెలియదు. ఆయన పిస్తోలు లాక్కున్నాడు.

ఆయన దాన్ని కుడిచేతిలో పెట్టుకున్నాడు. ఎడమచేత్తో మణికట్టు పట్టుకున్నాడు. ఆమె వైపు చూశాడు. ఆమె పిస్తోలు పై భాగం లాగి, గుండు ఎక్కించకుండానే ఇచ్చింది. ఆయన రెండు వేళ్లు ట్రిగ్గరు మీద పెట్టి, నేల వైపు చూపి, నెమ్మదిగా లాగాడు. సగంలో ఆగాడు. మొహంలో ఏదో లెక్క. వదిలేశాడు. మళ్లీ లాగాడు. మళ్లీ అక్కడే ఆగాడు.

"ఆడ ఆగుతాది" అన్నాడు టైపన్న వైపు తిరిగి.

"ఆగుతాది. ఆ పైన నీ ఇష్టం" అన్నాడు టైపన్న.

ఈసారి ఆమె గుండు ఎక్కించింది. చెయ్యి లేపాడు. మొదటిది పోయింది. రెండోది పోయింది. ఆమె ప్రతిసారీ లాగి ఇస్తోంది. ఆయన మొహం నిండా చెమట. నేను ఆయన వైపు చూడలేక కానిస్టేబుల్ బూట్ల వైపు చూస్తున్నాను. అట్లా చూస్తుండగానే గజ్జె మోగింది.

చిన్న చప్పుడు. తిరునాళ్ల గోలలో వినపడాల్సింది కాదు. రంగులరాట్నం దగ్గర నిలబడ్డ మనుషులు మాత్రం ఇటు తిరిగారు. ఆయన మళ్లీ కొట్టాడు, అదే గజ్జె మళ్లీ మోగింది. అప్పటికి పదిమంది చేరారు. ఆమె వాళ్ల వైపు తిరిగి ఏదో అనబోయింది.

ఆయనే అన్నాడు. మాట ముద్దగా, నోరు ఒకవైపుకు పోతూ, "ఏ గజ్జె కొట్టమంటారప్పా" అన్నాడు.

ఒక రైతు నడిమిది చూపించాడు. ఆయన కొట్టాడు. దాని ఎడమ పక్కది మోగింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఎడమ పక్కదే.

జనంలో ఎవరో నవ్వారు. ఆయన పిస్తోలు దించి, దాని వైపు చూసి, మా ముగ్గురి వైపు చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. "ఏం పని జేసినార్రా మీరు" అన్నాడు. ఎడమకు పోతాంది, గొట్టం వంచినార్రా, బిగించడం గూడ రాదా మీకు, ముగ్గురుండారు, ఒకనికన్నా కండ్లుండాయా అన్నాడు. మాటలు ఒకదాని మీద ఒకటి తొక్కుకుంటూ వచ్చాయి. సగం అర్థం కాలేదు గాని తిట్లని మాత్రం బాగా తెలిసింది. ఉస్తాద్‌కు రోషం వచ్చి ఏదో చెప్పబోయాడు. టైపన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

ఆమె చట్రం పక్కన కొయ్య పట్టుకుని నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"ఎన్నాళ్లయిందో అన్నా, ఈయన ఒకర్ని తిట్టి" అంది నాతో.

ఆ సాయంత్రం ఆయన ఇంకొన్నిసార్లు కొట్టాడు, ఎడమకు పోయేదాన్ని కుడికి గురి చూసి సరిచేసుకుంటూ. చెయ్యి త్వరగా అలిసిపోయేది, మధ్యలో కూర్చునేవాడు. జనం మాత్రం నిలబడ్డారు, తుపాకులు అడిగి తీసుకున్నారు. కానిస్టేబులు మమ్మల్ని మర్చిపోయి వరుసలో నిలబడ్డాడు. తిరుగు బస్సులో ఉస్తాద్ శిరివెళ్ల దాకా, తిట్లు తినడానికి ఇంత దూరం రావాల్నా అని సణిగాడు. టైపన్న పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాడు.

పిల్లలూ, పని బాగా కుదిరిన రోజున ఎవరైనా పొగుడుతారని మీరు కాచుకుని ఉంటారు. ఉండండి, తప్పు లేదు. నాకు మాత్రం ఇన్నేళ్ల కొట్టు జీవితంలో ఆ తిట్లే ఎక్కువ గుర్తున్నాయి.

ఆ తర్వాతి వారం మధ్య ఒక రోజు, ఎండ ఇంకా ముదరక ముందు, అంగడాయన మా కొట్టు మెట్లెక్కాడు. వెనకాల ఆమె లేదు. ఒక్కడే బస్సెక్కి వచ్చాడు. భుజాన తువ్వాలు మూట. ఉస్తాద్ లేచి, "రా అప్పా, కూర్చో" అన్నాడు. ఆయన ఉస్తాద్ వైపూ చూడలేదు, నా వైపూ చూడలేదు.

"టైపాయన యాడ?" అన్నాడు.

టైపన్న అప్పటికే చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు.